ఆకుపచ్చ చెవి గొర్రెపిల్లను చూసేకి గుంతకల్లు పోయినాం

క్రిస్మస్సుకు గుంతకల్లు పాత చర్చికి పోయొచ్చినామని తెలిసినప్పటి నుంచి మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అడుగుతానే ఉన్నారు. ఎట్ల పోవల్ల, యాడ దిగల్ల, రాత్రికి యాడ పండుకోవల్ల, ఎంతవుతాది అని. నాకు నోటితో చెప్పడం చేతకాదు. నలుగురు ఎదురుగా కూచుంటే రెండో మాటకే గొంతు పట్టుకుంటాది. రాయమంటే రాస్తా. మా పల్లె బడిలో ఐదో తరగతి దాకా చదివినా. అయ్యవారు అక్షరాలు మాత్రం బాగా దిద్దించినాడు. ఇప్పుడు ఫోనులో వేలితో ఒత్తి తెలుగు రాయడం కూడా వచ్చింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తాండా. పోవాలనుకునేవాళ్ళకు పనికొస్తుంది.

నిజానికి మేం పోయింది చర్చి కోసం కూడా కాదు, దాంట్లో ఉండే ఒక కిటికీ కోసం. మా ఇంటామె సుందరమ్మ పుట్టింది గుంతకల్లులో. వాళ్ళ నాయన రైలు పట్టాల గ్యాంగులో పని చేసేవాడు. పెండ్లయి నల్లమాడ పక్కన మా పల్లెకు వచ్చినప్పటి నుంచి ఆమె చెప్పే కథ ఒకటుంది. వాళ్ళ చర్చిలో ముందర ఆరాధన జరిపే బల్ల వెనక గోడకు నిలువెత్తు రంగుటద్దాల కిటికీ ఉందంట. దాంట్లో ఒక కాపరి, ఆయన భుజం మీద గొర్రెపిల్ల. ఎప్పుడో గాలివానకు కొమ్మ విరిగి పడి, గొర్రెపిల్ల చెవి దగ్గర అద్దం పగిలిందంట. అట్లాంటి తెల్లద్దం యాడా దొరక్కపోతే, రైలు పనివాళ్ళే సిగ్నల్ దీపానికి వేసే ఆకుపచ్చ అద్దం ఒకటి కోసి ఆడ అతికించినారంట. అప్పటి నుంచి ఆ గొర్రెపిల్లకు ఒక చెవి తెలుపు, ఒక చెవి ఆకుపచ్చ. రైలు పోవచ్చని పచ్చదీపం చూపినట్టు దానికి లైన్ క్లియర్ వచ్చిందని చర్చిలో పిల్లకాయలు నోరు మూసుకొని నవ్వుకునేవాళ్ళంట.

మా పల్లెలో ఈ కథ ఎవురూ నమ్మలేదు. గొర్రెలు మేపుకునే వాళ్ళు ఎక్కువ మా దగ్గర. "ఏమక్కా, మీ ఊరి గొర్రె మేసిన ఆకంతా చెవిలోకే పోయిందా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. నేను నమ్మినానని ఇప్పుడు చెప్తే అబద్ధమవుతుంది. కాదని కూడా ఎప్పుడూ అనలేదు. పోయి చూద్దామంటే, వాళ్ళ నాయన కాలం చేసినాక క్వార్టర్సు వేరేవాళ్ళకు ఇచ్చేసినారు. గుంతకల్లులో మేం పోయి తట్టేకి ఒక తలుపు లేకుండా పోయింది. శెనక్కాయ చేను, వాన రాని సంవత్సరాలు, కూలికి పోయిన సంవత్సరాలు, అట్లనే గడిచిపోయినాయి.

ఈమధ్య సుందరమ్మకు రెండు కండ్లకూ పొర వచ్చింది. ఎడమ కన్ను దాదాపు మూసుకపోయినట్టే. కుడి కన్నుకు ఈ చలికాలం మొదట్లో ఆపరేషన్ చేయించినాం. డాక్టరమ్మ మంచిగానే మాట్లాడింది గానీ, "శానా ఆలస్యంగా వచ్చినారు, చూపు ఎంత వస్తాదో చూడల్ల" అని ఒక మాట అనింది. ఆ మాట మా ఇంటామె మనసులో ముల్లులాగా ఉండిపోయింది. ఇంటికొచ్చినాక నేను రోజూ అడుగుతాంటి.

"ఎట్లుంది కన్ను?"

"ఉండాది."

"రంగులు తెలుస్తాండాయా?"

"మన పక్క చూసేకి రంగులేముండాయయ్యా? ఎర్రమట్టి, ఎండిన కంప. వాటికి కన్నెందుకు, కాలితో తొక్కితే తెలుస్తాది."

రెండో కన్ను సంగతి ఎత్తితే వద్దనేది. మొదటిది బాగైందో లేదో తనకే నమ్మకం లేదు. మళ్ళా ఆ ఆపరేషన్ బల్ల మీద పండుకోనంటుంది. ఒకరోజు గిన్నెలు తోముతా తనే చెప్పింది. "క్రిస్మస్సుకు నన్ను గుంతకల్లు తీసుకపో. ఆ చెవి పచ్చగా కనపడితే రెండో కన్నూ చేపించుకుంటా. కనపడకుంటే ఇంగ ఆ మాట ఎత్తాకు." సరే అన్నా. ఆమె ఒక మాట అన్నాదంటే మళ్ళా వెనక్కి తీసుకోదు. అందుకే నాకు పండగ సంతోషం కంటే బెదురే ఎక్కువుండింది.

ఇరవైనాలుగో తేదీ పొద్దున మా పల్లె నుంచి షేర్ ఆటోలో నల్లమాడకు, ఆడి నుంచి బస్సులో కదిరికి పోయినాం. బస్సు ముప్పావు గంట పైన పడుతుంది. ఆడవాళ్ళకు ఇప్పుడు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు మర్చిపోకండి. కండక్టరు ఆమెకు సున్నా టికెట్టు కొట్టిచ్చి నా దగ్గర దుడ్లు తీసుకున్నాడు. సుందరమ్మ ఆ టికెట్టు కంటికి దగ్గరగా పెట్టుకొని చూసి, "ఈ సున్నా మాత్రం బాగా కనపడతాంది" అనింది. ముందు సీటు ఆడవాళ్ళంతా నవ్వినారు. నేను కిటికీలో నుంచి బయటికి చూసినా.

కదిరి నుంచి రైలు. ధర్మవరం, అనంతపురం మీదుగా గుంతకల్లు పోతుంది. ఆ దారిలో రైళ్ళు తక్కువ, వేళలు మారతాంటాయి, ముందురోజే అడిగి పెట్టుకోండి. రైలు అందకుంటే బస్సులో అనంతపురం పోయి ఆడ రైలెక్కొచ్చు. మామూలు పెట్టెలో ఇద్దరికీ కలిపి రెండు వందల లోపే అయింది. మధ్యాహ్నానికి చిత్రాన్నం, చెట్నీ పొడి కట్టుకపోయినాం. ధర్మవరం దాటినాక ఆమె కిటికీ పక్కన కూచుంది. బయట కోసేసిన శెనక్కాయ చేలు, దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతాండాయి. నేను వాటిని చూడలేదు. ఆమె ఏం చూస్తాందో అది చూస్తా కూచున్నా. ఒక స్టేషన్ వస్తే ఉండబట్టలేక అడిగినా.

"ఆ బోర్డు మీద ఏం రాసిందో చెప్పు."

"నాకు పరీక్ష పెట్టాకు అయ్యవారా. నేను పాసయ్యేది రేపు."

నేను చిత్రాన్నం మూట విప్పినా.

పొద్దు గుంకేటప్పటికి దిగినాం. పెద్ద జంక్షన్, ఎటు చూసినా పట్టాలే. ప్లాట్‌ఫారం మీద నిలబడి సుందరమ్మ గాలి పీల్చింది. "ఇదే వాసన" అనింది. డీజిలు వాసనో, తుప్పు వాసనో, నాకు తెలియలేదు. స్టేషన్ బయట లాడ్జీలు ఉన్నాయి. ఏడు వందలకు కింది అంతస్తులో గది దొరికింది. ముసలివాళ్ళుంటే కింది గదే అడగండి, మెట్లు నిటారుగా ఉంటాయి. లాడ్జీ మేనేజరు మంచి మనిషి. చర్చి సంగతి సుందరమ్మే అడిగింది.

"రాతిచర్చి కదమ్మా? తెల్లారుజామున ఐదింటికి ఒక ఆరాధన, తొమ్మిదింటికి ఇంకోటి. తొమ్మిదిదానికి కాలు పెట్టే సందుండదు. జనం తక్కువుండల్లంటే ఐదుదానికి పోండి."

జనం తక్కువ అన్నాడు చూడండి, నాకు ఆ మాట ఒక్కటే వినపడింది. "ఐదుదానికే పోదాం" అన్నా.

"మా చిన్నప్పుడు మేం తొమ్మిదిదానికే పోయేవాళ్ళం. చీకట్లో జరిగేది పెద్ద రైలు ఆఫీసర్లకు, ఇంగ్లీషులో" అని సుందరమ్మ గొణిగింది.

"ఐదుదయితే జనం తక్కువంట."

ఆమె మేనేజరు వైపు తిరిగింది. "ఈయనకు దేవుడు ఒక్కడే ఉండే చర్చి కావల్లప్పా. ఆయన కూడా పక్కకు తిరిగి కూచోనుండల్ల."

మేనేజరు పడీపడీ నవ్వినాడు. గదిలోకి పోయి నేను తలుపేసుకున్నా.

తెల్లారుజామున చలి బాగా ఉండింది. నాలుగున్నరకు లాడ్జీ ముందరే ఆటో దొరికింది. డ్రైవరు మఫ్లరు చుట్టుకొని టీ తాగుతాండాడు. మస్తాన్ అని పేరు చెప్పినాడు. పండగపూట, చీకటిపూట కాబట్టి ఎనభై అడిగినాడు. బేరం చేయడం నాకు రాదు, సుందరమ్మకు వచ్చు. డెబ్బైకి ఒప్పించింది.

"మీ పండగంటే మాకూ నిద్ర లేదు తాతా," అన్నాడు ఆటో తిప్పుతా. "నిన్న రాత్రంతా పాటలు పాడేవాళ్ళను ఇంటింటికీ తిప్పినా. ఇప్పుడు నాకే ఆ పాటలు వచ్చేసినాయి."

"పాడు మరి" అనింది సుందరమ్మ.

"పాడితే మీరు దిగిపోతారవ్వా. డెబ్బై కూడా రాదు."

రైలు కాలనీలోకి తిరిగినాక ఇండ్ల ముందర కాగితం నక్షత్రాలు వెలుగుతాండాయి. ఎరుపు, పసుపు, నీలం. నేను ఆమె ముఖం చూసినా. నా మనసు ఆమెకు తెలిసిపోయింది. "చీకట్లో దీపం పాడుకన్నుకు కూడా కనపడతాది. అది లెక్కలోకి రాదు" అనింది.

చర్చి గురించి రెండు ముక్కలు చెప్తా. నల్లరాతి గోడలు, ఒక్కొక్క రాయి మా ఇంటి గడప అంత ఉంటుంది. పాతకాలంలో తెల్లదొరల కింద రైలు పని చేసేవాళ్ళ కోసం కట్టింది అంటారు. పైన కొయ్య దూలాలు, లోపల రెండు పక్కలా లావు స్తంభాలు, చేతులు పెట్టి పెట్టి నున్నగైపోయిన టేకు బెంచీలు. మా పల్లె ప్రార్థన గదిలో రైలు పట్టాముక్క వేలాడదీసి కొడతాం. ఈడ నిజం గంట. అది మోగితే కడుపులో అదురుతుంది. చెప్పులు వాకిట్లో విడవల్ల. మగవాళ్ళు ఎడమ పక్క, ఆడవాళ్ళు కుడి పక్క కూచోవల్ల. మా పల్లెలోనూ అంతే కాబట్టి మాకు కొత్త కాదు. కానీ ఆ దినం మాత్రం ఆ పద్ధతి నన్ను శానా కష్టపెట్టింది. ఆమె ఏం చూస్తాందో పక్కన కూచొని తెలుసుకునేకి లేదు కదా.

వాకిట్లో ఒకామె చీపురు పక్కన పెట్టి అందర్నీ లోపలికి పంపుతాంది. ఏసమ్మ అంట. చర్చి ఊడ్చి, తుడిచి, గంట కొట్టేది ఆమే. సుందరమ్మ ఈడే పుట్టిందని తెలియగానే చెయ్యి పట్టుకుంది. "మన ఆడబిడ్డవా! వెనకెందుకు, రా అక్కా" అని ముందు బెంచీ దాకా తీసుకపోయింది. నేను ఎప్పటిలాగా కడాపటి బెంచీలో, స్తంభం వెనక కూచున్నా. ఎవురూ నన్ను చూడరు. కాకపోతే నాకూ ముందర ఏమీ కనపడదు. స్తంభం పక్క సందులో నుంచి సుందరమ్మ కొప్పు, శాలువా అంచు మాత్రం కనపడతాండాయి. అంతే చాలనుకున్నా.

ట్యూబులైట్లన్నీ వేసినారు. ముందర మేతకేసే ఎండు శెనక్కాయ కట్టె పరిచి ఏసు పుట్టిన పశువుల పాక కట్టినారని ఆ వాసనను బట్టి తెలిసింది. పాటలు బాగా పాడినారు. పాట మొదలైనప్పుడు సుందరమ్మ తల పైకెత్తింది. ముందు గోడ వైపు చూసింది. శానాసేపు అట్లనే చూసింది. తర్వాత తల దించుకుంది. మళ్ళా ఎత్తలేదు. పాటలు అయిపోయినాయి, బైబిలు పాఠం చదివినారు, పాస్టరు అయ్యగారు ప్రసంగం చెప్పినాడు. ఆయన ఏం చెప్పినాడో నన్ను అడగాకండి. నాకు ఆ వంగిన కొప్పు ఒకటే గుర్తుంది.

ఆరాధన అయ్యేటప్పటికి ఇంకా మసకగానే ఉంది. ఆవరణలో కేకు ముక్క, టీ పంచుతాండారు. సుందరమ్మ వేపచెట్టు కింద అరుగు మీద సంచి ఒళ్ళో పెట్టుకొని కూచుంది. నేను టీ తీసుకపోయి ఇచ్చినా. తీసుకోలేదు.

"పోదాం పా" అనింది.

"కనపడిందా?"

"నల్లగా ఉండాది."

"ఏంది నల్లగా?"

"గోడకు నల్లగుడ్డ కట్టినట్టుండాది. కాపరి లేడు, గొర్రె లేదు. ఇంగ చెవి యాడుంటాది?" ఆమె ఏడవలేదు. కండ్లజోడు తీసి చీరకొంగుతో తుడిచి మళ్ళా పెట్టుకుంది. "పాపం ఆ డాక్టరమ్మ ముందే చెప్పింది. ఇంగ ఈ కండ్ల మాట వద్దు. ఉన్న వెలుతురుతోనే వండిపెడతాలే నీకు."

ఇట్లాంటప్పుడు మాట్లాడేవాళ్ళు ఏదో ఒకటి మాట్లాడతారు. నేనేమో రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు పట్టుకొని నిలబడినా. చల్లారిపోయినాయి. ఆమే మళ్ళా అనింది. "కండ్లజోడు పెట్టె ముందు బెంచీ మీద మర్చిపోయినా. తెచ్చిపెట్టు. టేషన్‌కు పోదాం."

లోపల ఎవురూ లేరు. ఏసమ్మ ఒక్కతే వెనక పక్క కాగితం ముక్కలు ఊడుస్తాంది. మనుషులు లేరు కాబట్టి ధైర్యంగా ఆడవాళ్ళ పక్కనే నడిచి ముందు బెంచీ దాకా పోయినా. పెట్టె దొరికింది. దాన్ని జేబులో పెట్టుకొని తలెత్తి చూసినా.

నల్లగా ఉంది.

నిలువెత్తు కిటికీ ఉంది. పైన మొనదేలేట్టు చెక్కిన రాతి చట్రం ఉంది. లోపల మాత్రం కాటుక పూసినట్టు నలుపు. దాంట్లో ట్యూబులైటు నీడ ఒకటి తెల్లగీతలాగా కనపడతాంది. నా కండ్లకు ఏ పొరా లేదు. ఇప్పుడు కూడా సూదిలో దారం నేనే ఎక్కిస్తా. మళ్ళా చూసినా. పక్కకు జరిగి చూసినా. కాపరి లేడు, గొర్రె లేదు. నాకు కూడా ఏమీ కనపడలేదు.

ఏమీ కనపడనందుకు అంత సంతోషం నా బతుకులో ఎప్పుడూ కలగలేదు. అట్లనే బెంచీ మీద కూచుండిపోయినా. ఆమె కన్ను పోలేదు. కనపడనిది ఆమెకు ఒకతెకే కాదు.

ఆ వెంటనే ఇంకో బెదురు పుట్టింది. అద్దాలు తీసేసి ఇంకేదన్నా పెట్టినారేమో. పాత కట్టడాల్లో అట్ల చేస్తారు కదా. అయితే ఎవురినన్నా అడగల్ల. తెలియని ఆడమనిషిని పిలిచి మాట్లాడడం నా వల్ల అయ్యే పని కాదు. లేచినా, మళ్ళా కూచున్నా. ఏసమ్మ ఊడ్చుకుంటా దగ్గరికొచ్చింది. గొంతు సవరించుకున్నా.

"అమ్మా, ఆ కిటికీ... తీసేసినారా?"

"యా కిటికీ అన్నా?"

చెయ్యి చూపించినా.

ఆమె చీపురు ఆనించుకొని నవ్వింది. "దాన్ని తీసేది యాడికన్నా! పొద్దు రాకముందే చూస్తే ఏం కనపడతాది? అది తూర్పు కిటికీ. బయట చీకటి, లోపల దీపాలు, ఇంగ నల్లగా ఉండకేం చేస్తాది? పొద్దు ఆ క్వార్టర్సు దాటి, వేపచెట్టు దాటి రావల్ల. అప్పుడు చూడు, పైనుంచి ఒక్కొక్కటే దిగుతాది." ఒక్క అడుగేసి మళ్ళా ఆగింది. "ఆ అక్క ఈడే పుట్టిందంట కదా, ఆమెకు తెలీదా?"

"వాళ్ళు తొమ్మిదిదానికి వచ్చేవాళ్ళంట. ఐదుదానికి తెచ్చింది నేనే" అన్నా.

"ఎందుకు?"

"జనం తక్కువుంటారని."

ఏసమ్మ నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. పోయి ట్యూబులైట్లన్నీ ఆర్పేసింది. "తొమ్మిదికి జనం వచ్చేదాకా లోపల ఎవురుండరు. ఇద్దరూ వచ్చి కూచోండి" అనింది. చెవి సంగతి కూడా అడగల్లని నోటిదాకా వచ్చింది గానీ అడగలేదు. ఉందో లేదో చెప్పల్సింది ఏసమ్మ కాదు.

సుందరమ్మ సంచి భుజానికి తగిలించుకొని నిలబడి ఉంది.

"దొరికిందా పెట్టె?"

"దొరికింది. లోపలికి రా."

"మళ్ళా ఎందుకు?"

"నాకూ కనపడలేదు."

"ఏం కనపడలేదు?"

"కిటికీ. నాకూ నల్లగానే ఉండాది. నీ కన్ను బాగుండాది. పొద్దే ఇంకా రాలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "నా మనసు కుదుటపడల్లని ఇట్ల చెప్తాండావు."

"అబద్ధమాడేకి నాకు అన్ని మాటలు యాడొస్తాయి?" అన్నా.

ఆమె మూతి బిగించుకుంది గానీ నవ్వు ఆగలేదు. "అదీ నిజమేలే" అని సంచి నాకిచ్చి ముందు నడిచింది.

ఇద్దరం ముందు బెంచీలో, ఆడవాళ్ళ పక్క కూచున్నాం. పెండ్లినాడు తప్ప చర్చిలో మేమిద్దరం పక్కపక్కన ఉన్నది లేదు. ఎవురన్నా వస్తారేమోనని నేను వాకిలి వైపు తిరిగి తిరిగి చూస్తాంటి. "గమ్మునుండు, నిన్నెవురూ ఎత్తుకపోరు" అనింది. కిటికీ మొదట నలుపు నుంచి బూడిద రంగుకు తిరిగింది. అట్లనే శానాసేపు ఉంది. బయట ఇంజను కూత వేసింది. ఒకసారి ఆమె చెయ్యి బెంచీ అంచు గట్టిగా పట్టుకునుండడం చూసినా. నా చెయ్యి కూడా అట్లనే ఉంది.

ఏసమ్మ చెప్పినట్టే పైనుంచి మొదలైంది. మొనదేలిన చోట ఎవురో నిప్పుపుల్ల గీసినట్టు ఒక మెరుపు. నాకు రంగు తెలిసింది. నేను పండ్లు బిగపట్టుకున్నా. నేను ముందు చెప్తే, నా మాట విని చెప్పిందో, చూసి చెప్పిందో తెలియకుండా పోతాది కదా.

"పైన నీలం" అనింది.

"ఊ."

"ఆకాశం అది. దాని కింద పసుపు. కాపరి తల చుట్టూ." ఇంకొంచెంసేపు ఆగింది. "ఎరుపు. ఆయన పైబట్ట. ఎంత ఎరుపయ్యా! మా చిన్నప్పుడు ఇంత ఎరుపు లేదు."

"ఊ."

పొద్దు మెల్లగా భుజం మీదికి దిగింది. గొర్రెపిల్ల ముఖం వచ్చింది. బెదిరినట్టుగా మనవైపే చూస్తా ఉంటుంది. తర్వాత చెవి వచ్చింది. సుందరమ్మ ముందుకు వంగింది.

"చెవి తెల్లగా ఉండాది" అనింది మెల్లగా.

నాకూ తెల్లగానే ఉంది. అద్దం మార్చేసినారేమో, కథే కథేమో, ఇన్నేండ్లుగా ఆమె మనసులో పెరిగిన కథేమో. ఏం చెప్పల్ల ఇప్పుడు? ఆమె కండ్లజోడు ముక్కు మీద సరిచేసుకొని మళ్ళా చూసింది.

"ఇది కాదు లే. ఇది మంచి చెవి. అవతలిది, ఆయన మెడ పక్కది. ఇంకా నీడలో ఉండాది."

వేపకొమ్మ నీడ కిటికీ మీద ఊగతాంది. గాలికి ఒకసారి అటు పోయింది, ఇటు వచ్చింది. పొద్దు ఇంకొంచెం ఎక్కింది. నీడ జరిగిపోయింది.

"అదో" అనింది. "అదో, చూడు. పచ్చగా ఉండాది."

ఉంది. మిగతా అద్దాల కంటే మందంగా, కొస వంకరగా కోసిన ఆకుపచ్చ ముక్క. గొర్రెపిల్ల తలకు ఎవురో లేత చింతాకు గుచ్చినట్టుంది. రైలు సిగ్నల్ పచ్చ ఎట్లుంటాదో మీకు తెలుసు కదా, సరిగ్గా ఆ పచ్చే.

సుందరమ్మ వెనక్కి ఆనుకొని కూచుంది. "ఇప్పుడు చెప్పు. నమ్ముతాండావా?"

"నమ్మలేదని నేనెప్పుడన్నా?"

"నమ్మినానని మాత్రం ఎప్పుడన్నావు?"

తర్వాత ఆమె కిటికీ వైపు చూస్తానే అడిగింది. "ఎడమ కన్నుకు ఎప్పుడు రమ్మనింది డాక్టరమ్మ?"

నేను తువ్వాలతో ముఖం తుడుచుకున్నా. "ఎప్పుడు పోయినా చేస్తుందంట" అని చెప్పినా.

అప్పుడే కొత్తబట్టలు కట్టుకొని తొమ్మిది ఆరాధన వాళ్ళు రావడం మొదలైంది. ఏసమ్మ వాకిట్లో నుంచే కేకేసింది. "ఏమన్నా, ఆడోళ్ళ పక్క మగోడు ఎవుడంటాండారు ఈడ!" నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బయటపడినా. వెనక ఆడవాళ్ళ నవ్వు వినపడతానే ఉంది. సుందరమ్మ నవ్వు అందరికంటే గట్టిగా ఉంది.

స్టేషన్ దారిలో బండి మీద ఉగ్గాని బజ్జీ తిన్నాం. బొరుగులు నానబెట్టి తాలింపు వేసి చేసేది, పక్కన మిరపకాయ బజ్జీ ఇస్తారు. ప్లేటు నలభై రూపాయలు. గుంతకల్లు పోయి అది తినకుండా రాకండి. ముందురోజు నుంచి నోట్లో సరిగా ముద్ద పెట్టని మనిషి రెండు ప్లేట్లు తినింది. రెండోదానికి చెయ్యి చాచినప్పుడు వండే ఆమె హెచ్చరించింది. "బజ్జీ కారముంటాదవ్వా, కండ్లలో నీళ్ళొస్తాయి."

"రానీలే. ఈ కన్ను ఇప్పుడు దేన్నన్నా తట్టుకుంటాది" అనింది మా ఇంటామె. మధ్యాహ్నం రైలుకు వెనక్కి తిరిగినాం. దారిలో ప్రతి స్టేషన్ బోర్డూ గట్టిగా చదివింది. నేను అడగకుండానే.

ఇది రాస్తాంటే సుందరమ్మ మంచం మీద కూచోనుంది. ఎడమ కన్నుకు కూడా ఆపరేషన్ అయింది, కట్టు నిన్ననే విప్పినారు. ఎండ తగలకుండా ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టుకోమన్నారు. దాన్ని చూసి మా పల్లెవాళ్ళు "ఏమక్కా, ఇప్పుడు నీకు కూడా లైన్ క్లియరేనా?" అంటాండారు. నేను ఇన్నేండ్లు ఎప్పుడూ స్తంభం వెనకే కూచున్నా. చూసేవాళ్ళు లేకుంటే చాలనుకున్నా. ఆ అలవాటుకే చీకటి ఆరాధనకు తీసుకపోయి, ఆమె కన్నుకు నేనే నలుపు చూపించినా. కండ్లజోడు పెట్టె బెంచీ మీద మర్చిపోకుండా ఉంటే మేం అట్లనే రైలెక్కేవాళ్ళం. దాన్ని తలచుకుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు చల్లబడుతుంది. వెంటనే, అట్ల జరగలేదు కదా అని ఊపిరి వస్తుంది. పోయిన ఆదివారం మా ప్రార్థన గదిలో రెండో వరసలో కూచున్నా. పెద్ద మార్పేం కాదు. ముందర గోడకు ఉండేది క్యాలెండరే. అయినా చూసినా.

పోయేవాళ్ళకు ఒక్క మాట చెప్తా. కిటికీ చూడల్లంటే ఐదు ఆరాధన అయినాక ఇంటికి పోకండి. ఎనిమిది ప్రాంతంలో, తొమ్మిదిదానికి జనం రాకముందే, దీపాలు ఆర్పినాక ముందు బెంచీలో కూచోండి. పొద్దు వేపచెట్టు దాటేదాకా లేవకండి. పక్కన ఇంకొకరుంటే మాత్రం, ఆ చెవి కనపడిందని మీరు ముందు చెప్పాకండి. వాళ్ళను చెప్పనీండి.